కూత తీసేసిన సంగీతం

శ్రీమతి గారికి,

నీ ఉత్తరం నిన్న అందింది. ఇక్కడ మామయ్య, పాప, నేను కులాసా అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. మామయ్య విషయంలో అది నిజం. పాప విషయంలో అవసరానికి మించిన నిజం. నా సంగతి కాస్త ఆగి రాస్తాను. కొండమీద నువ్వు, మీ వాతావరణ కేంద్రంలో నీ తోటివాళ్ళు, రోజూ మీరు ఆకాశంలోకి వదిలే ఆ బెలూన్లు, అందరూ క్షేమమని తలుస్తాను.

పొద్దున టీ తాగి ఈ కాగితం ముందు కూర్చున్నాను. ఇప్పుడు మధ్యాహ్నం కావస్తోంది. ఈలోగా కిటికీ అద్దాలు తుడిచాను. పాప పెన్సిళ్ళన్నీ చెక్కాను. వంటింట్లో బాగానే ఉన్న కుళాయిని విప్పి మళ్ళీ బిగించాను, ఇప్పుడది కారుతోంది. "కాలు కాలిన పిల్లిలా ఏంటయ్యా ఆ తిరగడం? కూర్చుని రాయి!" అని మామయ్య ముందుగదిలోంచి ఒకటే కేకలు. జనం మనసు కుదుటపడాలని సంగీతం చేసి పంపేవాడు ఇంట్లో ఇలా ఉంటాడని తెలిస్తే వినేవాళ్ళు ఒక్కరు కూడా మిగలరు.

నీ ఉత్తరం చివర రాసిన ప్రశ్న నేను చూడలేదనుకోకు. అది చూసిన దగ్గర్నించే ఈ తిరగడం. "ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉండమంటున్నారు, ఉండనా అని ఫోన్లో అడిగితే 'భలే, మంచి మాటే' అన్నావు. అప్పట్నించి ఫోనే ఎత్తడం లేదు. నేను రాకపోతేనే నీకు హాయిగా ఉందా? ఉన్నదున్నట్టు రాయి. సోమవారం నేను ఆఫీసుకి జవాబు చెప్పాలి" అని రాశావు. ఈ మాటలు ఇప్పుడు నాకు కంఠతా వచ్చేశాయి. సామాన్లు తీసుకుని మీ కొండెక్కే జీపు శుక్రవారం బయల్దేరుతుంది. దానికి ఈ ఉత్తరం అందాలి. అందులో నీకు జవాబూ ఉండాలి. ఉంటుంది. ముందు మిగతా ప్రశ్నలకు చెప్పనీ, చేతికి కాస్త ధైర్యం వస్తుంది.

పడగ్గది కప్పు మీద చెమ్మ మరక ఇంకా అలాగే ఉంది. మేస్త్రీ వచ్చాడు, చూశాడు, తల ఊపాడు, వెళ్ళాడు. తల ఎటు ఊపాడో నాకు అర్థం కాలేదు. పాపకి పైవరసలో ముందు పన్ను ఊడింది. ఊడిన పన్నుని అగ్గిపెట్టెలో దాచి, నువ్వు వచ్చాక చూపిస్తానని వీధిలో అందరికీ ముందే చూపించేసింది. మామయ్య మోకాలు నయమే. చిన్నప్పట్నించీ నూలు మిల్లులో నిలబడి పనిచేసిన మనిషి, కూర్చోమంటే ఆయనకి మొహం మాడుతుంది. డాక్టరు నడవద్దన్నారని చెప్తే, "నడవద్దన్నారు, నిలబడొద్దనలేదుగా" అని గుమ్మంలో నిలబడి వీధి మొత్తానికీ కాపలా కాస్తున్నారు.

నా పని గురించి అడిగావు. చాలా బాగుంది. ఎంత బాగుందంటే ఆ మాట రాయడానికి సిగ్గేస్తోంది. నీకు గుర్తుండే ఉంటుంది, మొదట్లో నేను చేసిన వాటిని విని, "ఇందులో పాటెక్కడుంది?" అని అడిగావు. పాట లేదు, తాళం లేదు, మాట లేదు, అదే దాని గొప్ప అని నీకు చెప్పడానికి నా తల ప్రాణం తోకకి వచ్చింది. వాషింగ్ మెషీన్ రొదనో, రేకు మీద వాననో రికార్డు చేసి, దాన్ని మెల్లగా సాగదీసి, దాని కింద సింథసైజర్ మీద ఒక్క స్వరాన్ని పట్టుకుని కూర్చోవడం. చదువుకునేవాళ్ళు, ఆఫీసు పని చేసుకునేవాళ్ళు, పళ్ళు పీకించుకోవడానికి కూర్చున్నవాళ్ళు వింటారు. అది ఉన్నట్టు ఉండాలి, లేనట్టూ ఉండాలి. మామయ్య భాషలో చెప్పాలంటే, మిషన్ ఆగిపోయాక చెవుల్లో మిగిలే మోత.

ఈ ఏడాది అది ఒక్కసారిగా అందరికీ నచ్చింది. మా కంపెనీలో మేనేజరమ్మ ఉంది కదా, పొగడమంటే ప్రాణం మీదకొచ్చినట్టు మాట్లాడే మనిషి, ఆవిడ ఏం రాసిందో తెలుసా? "ఈ మధ్య మీ సంగీతంలో ఒక వెచ్చదనం వచ్చింది. ఇదివరకు లేదు. ఇంకెవరికీ ఇలా కుదరడం లేదు. ఏం చేస్తున్నారు?" అంది. విన్నవాళ్ళు కూడా అదే మాట. దుప్పటి కప్పినట్టుందని ఒకరు, అమ్మ పక్కన పడుకున్నట్టుందని ఇంకొకరు. మీ కేంద్రంలో మ్యాపులు గీసే ఆయన కూడా డ్యూటీలో ఇదే పెట్టుకుంటున్నాడనీ, అది నీ మొగుడు చేసిందని ఆయనకి తెలియదనీ రాశావు. తెలియనివ్వకు. ఇప్పుడు ఆ పేరు నిలబెట్టుకునేంత మొహం నాకు లేదు.

కుళాయి శబ్దం వస్తోందని పాప వచ్చి చెప్పింది. వెళ్ళి గిన్నె పెట్టి వచ్చాను. నాకు ఆ బొట్లు వినపడలేదు. సరే, ఇక రాస్తాను.

నువ్వు సెలవు అయిపోయి మళ్ళీ కొండెక్కాక కొన్నాళ్ళకి, నా గదిలో ఒక సన్నటి కూత మొదలైంది. ఎవరో దూరంగా ఈల వేస్తూ ఊపిరి తీసుకోవడం మరిచిపోయినట్టు ఒకటే కూత. మైకు తీగ పాడైందనుకుని మార్చాను. తగ్గలేదు. ఫ్రిజ్జేమోనని దాన్ని ముందుగదిలోకి జరిపాను. అది ఇప్పుడు మామయ్య కుర్చీ పక్కన ఉంది, ఆయన తలుపు తీసి తీసి దానికి జలుబు చేయించారు. పై వాటా వాళ్ళ నీళ్ళ మోటారు మీద అనుమానం వచ్చి వాళ్ళతో మాటా మాటా అనుకున్నాను. ఇప్పుడు వాళ్ళు నన్ను చూస్తే మెట్ల మీద పక్కకి తప్పుకుంటున్నారు.

ఆ కూత రికార్డింగుల్లో పడుతోందని నా నమ్మకం. ఎందుకంటే ఏది పెట్టి విన్నా అందులో ఉంది. అందుకని చేసిన ప్రతిదాంట్లోంచీ దాన్ని తీసేయడం మొదలుపెట్టాను. ఏ శబ్దం ఎంత పైస్థాయిలో ఉందో చూసుకుని, అక్కడ తగ్గించే మీటలుంటాయి మా దగ్గర. కొంచెం తగ్గించాను, కూత పోలేదు. ఇంకొంచెం. ఇంకాస్త. పైనున్న సన్నటి శబ్దాలన్నీ దాంతోపాటే పోయాయి. వానలో చిటపటలు పోయాయి, గంటలో గణగణ పోయింది. కింద మందంగా, మెత్తగా ఉన్నది మాత్రం మిగిలింది. అప్పటికీ కూత ఉంది. విసుగొచ్చి అలాగే పంపేశాను. జనం దాన్నే వెచ్చదనం అన్నారు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. మంచివాడు, ఓపికున్నవాడు. నేను కూత కూత అంటుంటే గోడకి చెవి ఆనించి, స్విచ్చులకి చెవి ఆనించి, ఆఖరికి నా కంప్యూటర్‌కి కూడా ఆనించాడు. "నాకేం వినపడట్లేదు సార్. మీవి మ్యూజిక్ చెవులు, మాకు రాదులెండి" అన్నాడు. తర్వాత ఇంట్లో కరెంటు మొత్తం కట్టేద్దామన్నాడు. ఫ్యాన్లు ఆగాయి, ఫ్రిజ్ ఒకసారి వణికి ఆగింది. పై వాటా మోటారు కూడా లేదు, వాళ్ళు ఊళ్ళో లేరు. ఇల్లంతా ఎంత నిశ్శబ్దం!

"ఇప్పుడు సార్? పోయిందా?" అన్నాడు వరండాలోంచి.

కూత ఉంది. ఇంతకుముందు కంటే గట్టిగా ఉంది. అది ఇంట్లో లేదు, నా తలలో ఉంది.

"పోయింది," అన్నాను.

పోయిందంటే తప్పు వైరింగ్‌లో ఉన్నట్టే కదా. పాపం ఆ మనిషి నా మాట నమ్మి, నిక్షేపంలా ఉన్న బోర్డుని విప్పి, కొత్త బోర్డు బిగించి, రెండోసారి వచ్చి పరీక్షించి మరీ వెళ్ళాడు. ఇంట్లో స్విచ్చులన్నీ మారాయేమిటని పాప అడిగితే, కొత్తవి అందంగా ఉంటాయని చెప్పాను. మామయ్య ఏమీ అడగలేదు. కానీ నన్ను చూస్తూనే ఉన్నారు.

నీకు నవ్వొచ్చేది ఒకటి చెప్తాను. మామయ్యకి మిల్లు మోతకి ఎడమ చెవి ఎప్పుడో పోయింది కదా, భోంచేసేటప్పుడు బల్లకి ఆ చివర కుర్చీలో కూర్చుంటారు, మిగతావాళ్ళంతా కుడివైపుకి వస్తారని. ఈ మధ్య నాకు ఎడమవైపు ఎవరు మాట్లాడినా మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. అందుకని నాకు తెలియకుండానే పళ్ళెం పట్టుకుని అటూ ఇటూ జరగడం మొదలుపెట్టాను. ఆయనకి కుడివైపు నేనుండాలి, నాకు కుడివైపు ఆయనుండాలి. ఒకరినొకరు తోసుకుంటూ ఇద్దరం బల్ల చుట్టూ తిరుగుతుంటే పాప పడీ పడీ నవ్వింది. మామయ్య నవ్వలేదు. పళ్ళెం కింద పెట్టి, "ఎన్నాళ్ళయింది నాయనా?" అన్నారు.

"ఏది మామయ్యా?"

"నా దగ్గర నీళ్ళు నమలకు. మా మిల్లులో అందరం ఇలాగే కుర్చీలు మార్చుకునేవాళ్ళం. రేపు డాక్టరు దగ్గరికి నడు. నేనూ వస్తా."

వెళ్ళాం. చెవి డాక్టరమ్మ నన్ను ఒక అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, "శబ్దం వినపడినప్పుడల్లా ఈ బటన్ నొక్కండి" అంది. మొదట్లో బాగానే నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. అద్దం అవతల మామయ్య నన్నే చూస్తున్నారు. నేను చెయ్యి కదపకపోతే ఆయనకి తెలిసిపోతుంది. ఇన్నేళ్ళు సంగీతం చేసినవాణ్ణి, ఏ రెండు శబ్దాల మధ్య ఎంత ఎడం ఇస్తోందో లెక్క తెలియదా? ఇప్పుడు వస్తుంది అనుకున్నప్పుడల్లా నొక్కడం మొదలుపెట్టాను. తాళం తప్పకుండా నొక్కాను. కాసేపటికి ఆవిడే తలుపు తీసుకుని లోపలికి వచ్చింది.

"మీరు నొక్కుతూనే ఉన్నారు. నేను ఆపేసి చాలాసేపయింది," అంది.

అలా చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఎడమ చెవిలో పైస్థాయి శబ్దాలు దాదాపు పోయాయట. కుడి చెవిలోనూ మొదలైందట. ఆ కూత బయట లేదని, పోయిన శబ్దాల చోట చెవి తనంతట తాను చేసుకునే మోత అని చెప్పింది. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి, హెడ్‌ఫోన్స్ తగ్గించాలి, చెవిలో పెట్టుకునే మిషన్ వాడాలి. "ముందే రావాల్సింది" అని కూడా అంది. వచ్చేటప్పుడు ఆటోలో మామయ్య నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. పెళ్ళినాడు నిన్ను నాకు అప్పగించేటప్పుడు కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

అంటే ఏమైందో చూడు. నా చెవికి అందకుండా పోతున్న శబ్దాలని నేనే ఒక్కొక్కటిగా నా సంగీతంలోంచి తీసేస్తూ వచ్చాను. నాకు ఎలా వినపడుతోందో అలాంటి సంగీతం చేసి పంపాను. జనం దాన్ని పెట్టుకుని హాయిగా చదువుకుంటున్నారు, నిద్రపోతున్నారు. వాళ్ళ హాయిని తప్పు పట్టలేను. అది నా జబ్బు ఆకారంలో ఉందని వాళ్ళకేం తెలుసు? మేనేజరమ్మకి ఉన్న విషయం రాసేశాను. వాళ్ళకి ఇలాంటి వాటితోనే ఇంకో పెద్ద సిరీస్ కావాలట, ఒప్పుకునే ముందు చెప్పడం ధర్మం కదా. "వినేవాళ్ళకి నచ్చింది కదండీ, అలాగే కానివ్వండి, ఆరోగ్యం చూసుకోండి" అని జవాబిచ్చింది. మంచిగానే చెప్పింది. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

పాత రికార్డింగు ఒకటి, మీటలేవీ కదపనిది, పాపకి పెట్టి ఎలా ఉందని అడిగాను. "ఇది బావుంది నాన్నా, చినుకులు పడుతున్నట్టుంది" అంది. నాకు అందులో చినుకులు లేవు. మామయ్యకి కొత్తది పెడితే, "ఇన్నాళ్ళకి నీ పాట నాకు అర్థమైందయ్యా. అంతకుముందు ఏదో గుసగుసలాడుతున్నట్టుండేది" అన్నారు. ఆయన మెచ్చుకుంటే సంతోషించాలి. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని కూర్చున్నాను.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. నీ ప్రశ్నకి వస్తున్నాను.

ఉండనా అని నువ్వు అడిగిన మాట నాకు వినపడలేదు. ఆ రోజు నువ్వన్న దాంట్లో ఒక్క ముక్క కూడా వినపడలేదు. కొండమీద మీకున్న ఆ ఒక్క పాత ఫోను, మధ్యలో గాలి, ఇవతల నా చెవి. మొదట్లో నీ గొంతు వచ్చినందుకే సంబరపడి ఊఁ కొడుతూ కూర్చున్నాను. ఒకచోట నువ్వు ఆగిపోయావు. ఆగావంటే నన్ను ఏదో అడిగావన్నమాట. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ వినపడదేమోనని భయమేసింది. అప్పటికే అలా రెండుసార్లు అడిగి ఉన్నాను. "భలే, మంచి మాటే" అన్నాను. నువ్వు ఇంకాసేపు ఏమీ అనలేదు. తర్వాత పెట్టేశావు. నువ్వు ఆ ఆగినచోట ఏడుస్తున్నావో ఏమో కూడా నాకు తెలియదు. ఆ తర్వాత నీ ఫోన్ వచ్చిన ప్రతిసారీ పాపని ఎత్తమని, నాన్న పనిలో ఉన్నాడని చెప్పమన్నాను. పసిదానితో అబద్ధాలు చెప్పించాను. దానిమీద కోప్పడకు.

ఎందుకు చెప్పలేదంటావు. "చీమ నడిచినా వినపడుతుంది ఈ మనిషికి" అని నువ్వు నలుగురిలో గొప్పలు చెప్పుకునేదానివి. నువ్వు వీధి మలుపు తిరగ్గానే నీ చెప్పుల చప్పుడు విని తలుపు తీసేవాణ్ణి. ఆ మనిషి పోయాడని నీకు ఎలా రాయను? భయపడ్డాను. ఇప్పుడూ భయంగానే ఉంది. ఈ పేజీ రాస్తున్నంతసేపూ కాళ్ళు ఒకచోట నిలవలేదు.

ఉన్నదున్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. వచ్చెయ్. నీ పని నీకెంత ఇష్టమో తెలుసు. పొద్దున్నే బెలూన్ చేతిలోంచి వదిలేసి అది కనపడకుండా పోయేదాకా చూస్తూ నిలబడతానని నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది. ఊళ్ళో ఉన్న ఆఫీసులో కూర్చుని నువ్వు లెక్కలు వేసుకోవాలంటే ఎంత విసుగో కూడా తెలుసు. అందుకే ముందు "నామీద జాలితో మాత్రం రాకు" అని ఒక వాక్యం రాశాను. రాసి కొట్టేశాను. జాలితో వచ్చినా సరే, రా. ఉన్నది కాపాడుకోమంది డాక్టరమ్మ. ఆ ఉన్న కాస్త వినికిడిని ఫ్రిజ్ మూలుగులు సాగదీసుకుంటూ అరగదీసుకోవడం నాకిష్టం లేదు. నువ్వు ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే, నీ మొహం చూస్తూ, నీ మాట వింటూ అరగనీ.

నిన్న సాయంత్రం పాప నాకు పరీక్ష పెట్టింది. నేను అటు తిరిగి నిలబడాలి, తను వెనకనుంచి ఏదో ఒకటి అనాలి, నేను చెప్పాలి. చిలకంటే ఇటుకన్నాను, సీసా అంటే ఏమీ అనలేదు. వరసగా ఓడిపోతుంటే దానికే జాలేసి, కథ చెప్పమని కూర్చుంది. చెప్తుంటే ఒళ్ళో పడుకుని ఊఁ కొట్టింది. ఆ ఊఁ నాకు వినపడింది. ఎడమ చెవిలో కూడా వినపడింది. మళ్ళీ అనమన్నాను. పక్క గదిలోకి వెళ్ళి అనమన్నాను. చివరికి తాతయ్య ఫోన్ తీసుకుని వీధి చివరికి వెళ్ళి, అక్కడ్నించి ఫోన్లో అంది. వినపడింది. ఆ ఒక్క శబ్దం లోతుగా ఉంటుంది కాబట్టి నా చెవి ఇంకా వదిలిపెట్టలేదు.

అందుకని ఆదివారం ఫోన్ చెయ్యి. నేనే ఎత్తుతాను. వస్తావా అని ఒక్కటే అడుగుతాను. మాటలేం చెప్పకు, నాకు అందవు. వచ్చేట్టయితే ఊఁ అను. రానట్టయితే ఏమీ అనకు. కాకపోతే నువ్వేమీ అనకపోతే, అన్నావేమో, నాకే వినపడలేదేమో అనుకుని, ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే నిలబడి ఉంటాను.

ఇట్లు,
పాప వాళ్ళ నాన్న